డికాషన్ రోజుకో రకంగా ఎందుకు దిగుతుంది? ఫిల్టర్, మోకా, డ్రిప్పర్, ప్రెస్: దేనికి ఏ పొడి, ఎన్ని నీళ్ళు

అడిగిన ప్రశ్న ఇది: ఇంట్లో స్టీలు ఫిల్టర్ ఉంది. డికాషన్ ఒకరోజు చిక్కగా, మర్నాడు నీళ్ళలా దిగుతోంది, ఒక్కోసారి అసలు దిగనే దిగదు. విసిగిపోయి ఫ్రెంచ్ ప్రెస్సో, మోకా పాటో, పోర్ ఓవర్ డ్రిప్పరో కొందామనుకుంటున్నారు. అరకు నుంచి తెచ్చుకున్న పొడి పావుకిలో ఉంది. తాగేది ఇద్దరు, ఒకరికి పాలతో కావాలి, ఇంకొకరు ఈమధ్య పాలు మానేశారు. ఏది కొనాలి?

కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ కప్పులో పాలు పోస్తారా, పొయ్యరా. పాలు పోశాక కూడా కాఫీ రుచి నిలవాలంటే తక్కువ నీళ్ళలో ఎక్కువ పొడి దిగిన చిక్కటి డికాషన్ కావాలి. అది ఇచ్చేవి మన ఫిల్టరూ, మోకా పాటూ (పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దింపే పాత్ర). పాలు లేకుండా తాగేవాళ్ళకి ఆ చిక్కదనం అక్కర్లేదు, పలచగా, వాసన తెలిసేలా దిగేది కావాలి. దానికి డ్రిప్పర్ (కాగితం పెట్టిన గరాటు), ప్రెస్ (పొడిని గాజుపాత్రలో నానబెట్టి జల్లెడతో అణిచేది), ఏరోప్రెస్ (గొట్టంలో నానబెట్టి సిరంజిలా నొక్కేది). పొడి రకం, మెత్తదనం, నీళ్ళ కొలత అన్నీ ఈ ఒక్క తేడా నుంచే మారతాయి. ఒకదానికి ఆడించిన పొడిని ఇంకోదాంట్లో వెయ్యడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

ముందు పొడి సంగతి. మనకి దొరికే జాతులు రెండు, అరబికా, రోబస్టా. అరబికాలో సువాసన, కాస్త తియ్యటి పులుపు ఎక్కువ. రోబస్టాలో చేదు, చిక్కదనం, నురగ ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. కాఫీ పొడి కొట్లో రాసి ఉండే ‘ప్లాంటేషన్ ఎ’ అంటే పండు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెట్టిన అరబికాలో పెద్ద గింజల రకం. ‘చెర్రీ’ అంటే పండుని అలాగే ఎండబెట్టి, తర్వాత పొట్టు తీసినది. ‘పీబెర్రీ’ వేరే జాతి కాదు. పండులో రెండు బద్దలు ఉండాల్సిన చోట ఒక్కటే గుండ్రటి గింజ తయారైతే దాన్ని ఏరి విడిగా అమ్ముతారు. పాల కాఫీకి ప్లాంటేషన్ ఎ 70 శాతం, రోబస్టా 30 శాతం, మీడియం కన్నా ఒక మెట్టు ముదురుగా వేయించినది బాగా కుదురుతుంది. పాలు లేని కాఫీకి రోబస్టా తీసేసి ఒక్క అరబికా, అదీ మీడియం వేపు తీసుకోండి. మాడు వాసన వచ్చేదాకా వేయించిన పొడి పాలల్లో చెల్లుతుంది గానీ, పాలు లేకపోతే చేదు తప్ప ఇంకేమీ తెలియదు.

చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. నీళ్ళలో కాఫీ కన్నా చాలా ఎక్కువ కరుగుతుంది కాబట్టి డికాషన్‌కి నలుపు, చిక్కదనం, ఒకరకం తీపి చేదు ఇస్తుంది. నీళ్ళు తగిలితే ఉబ్బి పొడి పొరని బిగిస్తుంది, దాంతో డికాషన్ మెల్లగా దిగుతుంది. ఫిల్టర్‌లో అది మనకి మేలే: నీళ్ళు పొడిలో ఎక్కువసేపు నిలుస్తాయి. మిగతా పరికరాల్లో అదే ఆటంకం. మన దేశంలో కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలి. 53:47 అని రాసి ఉండే ప్యాకెట్లు ఆ హద్దుకి కాస్త పైన ఉన్నవన్నమాట. డికాషన్ నల్లగా దిగింది కాబట్టి కాఫీ గట్టిగా ఉందనుకోవడం పొరపాటు, ఆ నలుపులో చాలా భాగం చికోరీదే. ఆవు పాలకి, టోన్డ్ పాలకి 80:20 చాలు. గేదె పాలు, ఫుల్ క్రీమ్ పాలు వాడేవాళ్ళు 70:30 దాకా వెళ్ళొచ్చు. అంతకు మించితే కాఫీ వాసన అడుగున పడిపోతుంది.

మెత్తదనం మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి వంటింటి సరుకులతోనే చెబుతాను. కోల్డ్ బ్రూకి, అంటే చల్లటి నీళ్ళలో గంటల తరబడి నానబెట్టే కాఫీకి, ఇడ్లీ రవ్వంత గరుకు, ప్రెస్‌కి బొంబాయి రవ్వంత. డ్రిప్పర్‌కి సన్న పంచదారంత. మోకాకి ప్యాకెట్ ఉప్పు కన్నా ఒక పిసరు మెత్తన. మన ఫిల్టర్‌కి దానికన్నా ఇంకొంచెం మెత్తన, కానీ పిండి కాకూడదు: రెండు వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగలాలి. కొట్లో ఆడించేటప్పుడు ‘ఫిల్టర్‌కి’ అని చెప్పండి, ఆడించాక చిటికెడు వేళ్ళతో చూసుకోండి. ముందు వచ్చినవాళ్ళ గింజలు వేరే మెత్తదనంలో ఆడించి ఉంటే మరలో మిగిలినది మీ పొడిలో కలుస్తుంది. రెండు వారాలకి సరిపడా మాత్రమే కొనండి. ఇద్దరు మనుషుల ఇంట్లో రోజూ 30 గ్రాముల చొప్పున వాడితే అది 420 గ్రాములు. గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి మూత తెరిస్తే పొడి తేమ పడుతుంది, పక్కనున్న ఉల్లిపాయ వాసన కూడా పడుతుంది. ఎక్కువ కొనాల్సి వస్తే వారానికి సరిపడా చిన్న పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తీసిన పొట్లం గది వేడికి వచ్చాకే విప్పండి, మళ్ళీ లోపల పెట్టకండి.

గింజలు కొని ఇంట్లో మిక్సీలో వేసేవాళ్ళకి ఒక జాగ్రత్త. బ్లేడు గింజని నరుకుతుంది, సమానంగా నలపదు, కాబట్టి ఒకే జారులో పిండీ ఉంటుంది, పలుకులూ ఉంటాయి. పిండి ముందే చేదు వదులుతుంది, పలుకులు పులుపు దగ్గరే ఆగిపోతాయి, కప్పులో రెండూ కలిసి వస్తాయి. చిన్న జారులో 30 గ్రాములకి మించకుండా వేసి, రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో జారు ఊపుతూ ఆడితే కొంత నయం. పాలు లేని కాఫీ రోజూ తాగాలనుకుంటే గింజని నరక్కుండా సమానంగా నలిపే, చేత్తో తిప్పే బర్ గ్రైండర్ మీద పెట్టే డబ్బు, ఖరీదైన డ్రిప్పర్ మీద పెట్టేదానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇక మీ ఫిల్టర్. డికాషన్ రోజుకో రకంగా దిగడానికి కారణం ఫిల్టర్ కాదు, చెంచా. గుండుగా తీసిన చెంచాకీ, గీసి తీసిన చెంచాకీ దాదాపు సగం తేడా వస్తుంది. వంటింటి త్రాసు ఒకటి తెచ్చి, ఒక్క వారం తూచి వెయ్యండి. పై గిన్నె 200 మి.లీ. పట్టే ఫిల్టర్‌కి పొడి 30 గ్రాములు, నీళ్ళు 150 మి.లీ. పొడి తన బరువుకి దాదాపు రెట్టింపు నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 80 నుంచి 90 మి.లీ. ఇద్దరికి రెండు నిండు కాఫీలకి అది సరిపోతుంది. పొడి పై గిన్నెలో మూడో వంతుకీ సగానికీ మధ్య ఉండాలి. పెద్ద ఫిల్టర్‌లో తక్కువ పొడి వేస్తే పొర పలచబడి నీళ్ళు చటుక్కున జారిపోతాయి. అందుకే చుట్టాలొచ్చినప్పుడు వాడే పెద్ద ఫిల్టర్‌లో ఇద్దరికి కాఫీ ఎప్పుడూ కుదరదు. చిన్నది విడిగా ఉండాలి.

పద్ధతి ఇలా. రెండు గిన్నెలూ పొడిగా తుడవండి. పై గిన్నెలో తడి ఉంటే అడుగున పొడి ముద్దకట్టి బెజ్జాలు మూసేస్తుంది. పొడి వేసి గిన్నెని పక్కనుంచి రెండుసార్లు తట్టి సమం చెయ్యండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళని పొడి మీద పెట్టి, దాని బరువుకి తోడు వేలి బరువు మాత్రం ఇచ్చి ఒకసారి తిప్పండి, అంతే. అరచేత్తో నొక్కకండి. నీళ్ళు తెర్లిన వెంటనే పొయ్యవచ్చు. చల్లటి గిన్నె, పొడి కలిసి ఆ వేడిని కొంత లాగేస్తాయి కాబట్టి మాడుతుందన్న భయం అక్కర్లేదు. ముందు 40 మి.లీ. మాత్రం బిళ్ళ మీద గుండ్రంగా పోసి, ఒక నిమిషం ఆగండి. కొత్తగా వేయించిన పొడిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, తడవగానే బుడగలుగా బయటికొస్తుంది. ఆ గాలి పోకుండా నీళ్ళన్నీ ఒకేసారి పోస్తే పొడి పైకి లేచి మధ్యలో దారి పడుతుంది, నీళ్ళు ఆ దారినే కిందికి జారిపోతాయి. నిమిషం అయ్యాక మిగతా 110 మి.లీ. మెల్లగా పోసి మూత పెట్టండి. మధ్యలో కదపడం, బిళ్ళని పైకి లాగి చూడటం వద్దు.

మొత్తం దిగడానికి 15 నుంచి 25 నిమిషాలు పట్టాలి. ఐదారు నిమిషాల్లోనే అయిపోయిందంటే పొడి గరుకైనా అయ్యుండాలి, తక్కువైనా అయ్యుండాలి, సమంగా పరచకపోయినా అయ్యుండాలి. గంట గడిచినా పైన నీళ్ళు నిలిచే ఉంటే మూడు కారణాలు చూడండి. మొదటిది, పొడి మరీ మెత్తన లేదా బిళ్ళని గట్టిగా నొక్కారు. రెండోది, గాలి. పై గిన్నె కింది గిన్నె మీద బిగుతుగా కూర్చుంటే కింద ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు, చుక్క దిగడం ఆగిపోతుంది. పై గిన్నెని ఒకసారి కొద్దిగా ఎత్తి, ఒక వారగా వదులుగా పెట్టండి. చుక్కలు వెంటనే మొదలైతే జబ్బు అదే. రాత్రి వేసి పొద్దున చూసేసరికి పైన నీళ్ళు అలాగే ఉన్నాయంటే మొదట అనుమానించాల్సిందీ దీన్నే. మూడోది, బెజ్జాలు పూడుకుపోవడం. కడిగిన పై గిన్నెని వెలుతురుకి ఎత్తి చూడండి, ప్రతి బెజ్జంలోంచీ వెలుగు కనిపించాలి. కనిపించకపోతే వంటసోడా వేసిన వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కింది వైపు నుంచి రుద్దండి. ఇది కాఫీ నూనె జిడ్డుకి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో పేరుకునే తెల్లటి సున్నానికి సోడా పనిచెయ్యదు, దానికి నిమ్మ ఉప్పో, వెనిగరో కావాలి. స్టీలు గిన్నెని సన్న మంట మీద ఒక నిమిషం బోర్లా పెట్టి, బెజ్జాల్లో ఇరుక్కున్నది కాలి రాలేలా చెయ్యడం చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే, తప్పు లేదు. ఇత్తడి ఫిల్టర్‌ని మాత్రం మంట మీద పెట్టొద్దు. లోపలి కళాయి తగరం, 232 డిగ్రీలకే కరిగిపోతుంది. కళాయి పోయి పసుపు లోహం బయటపడిన ఇత్తడి ఫిల్టర్‌ని మళ్ళీ కళాయి పెట్టించేదాకా వాడకండి, డికాషన్ ఆమ్లగుణం ఉన్నది.

రెండో డికాషన్ గురించి అడుగుతుంటారు. ఒకసారి దిగిన పొడిలో మంచి రుచి చాలావరకు వచ్చేసి ఉంటుంది, రెండోసారి వచ్చేది ఎక్కువగా చేదూ వగరూ. మొదటిదాన్ని పలచన చెయ్యడానికి దాన్ని కలపడం కన్నా మొదటిదే కాస్త తక్కువ పోసుకోవడం మేలు. దిగిన డికాషన్‌ని నేరుగా పొయ్యి మీద పెట్టి కాచకండి, వాసన ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుంది. చల్లారిపోతే గిన్నెతో సహా వేడి నీళ్ళలో నిలబెట్టండి, లేదా పాలే కొంచెం ఎక్కువ వేడి చెయ్యండి. పొద్దున దిగినది సాయంత్రానికి వాడుకోవచ్చు, ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచితే మర్నాటి పొద్దుటి దాకా తాగే స్థితిలో ఉంటుంది. ఆపైన పులుపు తిరుగుతుంది.

పాల సంగతి చాలామంది పట్టించుకోరు, కానీ పాల కాఫీలో మూడొంతులు పాలే. 35–40 మి.లీ. డికాషన్‌కి 100 నుంచి 120 మి.లీ. పాలు నా లెక్కలో సరైన పాళ్ళు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో వెన్న 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3. వెన్న పెరిగేకొద్దీ చేదు మెత్తబడుతుంది, దాంతో డికాషన్ ఎక్కువ పట్టాలనిపిస్తుంది. పాలు మార్చినప్పుడు డికాషన్ కొలత కూడా మార్చుకోవాలి. పాలు ఒక్క పొంగు రాగానే దించండి. పొద్దున కాచిన పాలనే మళ్ళీ మళ్ళీ మరగబెడితే కోవా వాసన వస్తుంది, ఏ పొడి వాడినా కాఫీ ఒకేలా ఉంటుంది. గ్లాసులో పంచదార, దానిమీద డికాషన్, ఆపైన వేడి పాలు, ఆ వరసలో పోసి డబరాలోకీ గ్లాసులోకీ రెండు మూడుసార్లు ఎత్తి తిరగబొయ్యండి. నురగతో పాటు తాగగలిగే వేడికి కూడా వస్తుంది. పాలు విరిగితే తప్పు ఎక్కువగా పాలదే: పులవడానికి దగ్గరపడ్డ పాలు మామూలుగా కాస్తే నిలుస్తాయి గానీ ఆమ్లం ఉన్న డికాషన్ తగలగానే విరుగుతాయి. బెల్లం కాఫీకి బెల్లాన్ని డికాషన్‌లో కరిగించి వడకట్టి, పాలు పొయ్యి మీంచి దించి కాస్త ఆరాక కలపండి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరిగే అవకాశం ఎక్కువ.

నీళ్ళు కూడా సరిచూసుకోండి, పాలు లేని కాఫీకైతే మరీ ముఖ్యం. కాఫీకి నీళ్ళలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకి 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మంచిది, 75 నుంచి 250 దాకా ఫరవాలేదు. బోరు నీళ్ళలో చాలాచోట్ల అది 500 దాటుతుంది. అలాంటి నీళ్ళలోని బైకార్బొనేట్ కాఫీలోని ఆమ్లాన్ని చంపేసి రుచిని మట్టిలా చదును చేస్తుంది. ఆర్‌ఓ నీళ్ళు 20, 30కి పడిపోతే ఎదురు సమస్య: కాఫీ పస లేకుండా, పులుపు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. చాలా ఆర్‌ఓ యంత్రాల్లో టీడీఎస్ పెంచే చిన్న మర ఉంటుంది, మెకానిక్ వచ్చినప్పుడు 100 పైకి తిప్పించుకోండి. లేకపోతే తాగడానికి పనికొచ్చే మున్సిపల్ నీళ్ళు ఒక వంతు, ఆర్‌ఓ నీళ్ళు రెండు వంతులు కలిపి కాచుకోండి. ఉప్పు తీసే సాఫ్ట్‌నర్ నీళ్ళు మాత్రం వద్దు, అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది.

మోకా పాట్‌ని ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చాడు. కింద నీళ్ళు, మధ్యలో గరాటు బుట్టలో పొడి, పైన కాఫీ చేరే గిన్నె. ఆవిరి ఒత్తిడికి నీళ్ళు పొడిలోంచి పైకి ఎక్కుతాయి. ఆ ఒత్తిడి ఒకటి, రెండు బార్‌లు (ఒత్తిడి కొలత) మాత్రమే, ఎస్ప్రెస్సో యంత్రంలో తొమ్మిది. కాబట్టి అమ్మేవాళ్ళు ఏమన్నా ఇది ఎస్ప్రెస్సో కాదు, ఎస్ప్రెస్సోకీ మన డికాషన్‌కీ మధ్యది. మూడు కప్పుల పాట్ అంటే మూడు చిన్న ఎస్ప్రెస్సో కప్పులు, మన లెక్కలో ఇద్దరికి పాల కాఫీ. దానికి పొడి 15–17 గ్రాములు పడుతుంది. కింది గిన్నెలో, ఒత్తిడి ఎక్కువైతే వదిలే వాల్వుకి ఒక పిసరు కిందిదాకా వేడి నీళ్ళు పొయ్యండి. చల్లటి నీళ్ళు పోస్తే అవి కాగేలోపు బుట్టలో పొడి వేడెక్కి మాడు వాసన పడుతుంది. బుట్ట నిండా పొడి వేసి అంచుకి సమం చెయ్యండి, నొక్కకండి. గుడ్డతో పట్టుకుని గట్టిగా బిగించి, మూత తెరిచి సన్న మంట మీద పెట్టండి. కాఫీ తేనె రంగులో నిలకడగా వస్తుండాలి. బుడబుడమని చప్పుడు మొదలవగానే దించి, అడుగుని తడిగుడ్డ మీద పెట్టి ఆపెయ్యండి. ఆ చప్పుడు తర్వాత వచ్చేదంతా ఆవిరి లాగిన చేదే.

చికోరీ కలిసిన ఫిల్టర్ పొడిని మోకాలో వెయ్యొద్దు. అది ఉబ్బి బుట్టని బిగించేస్తే కాఫీ పైకి రాదు, ఒత్తిడి కింద పెరుగుతుంది, వాల్వు బుస్సుమంటుంది. అలా జరిగితే గ్యాస్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా విప్పకండి. చికోరీ రుచి కావాలంటే దిగాక వేడి డికాషన్‌లో పావు చెంచా కలుపుకుని వడకట్టుకోండి. రెండు గిన్నెలూ బిగించే మర దగ్గర పక్కలనుంచి ఆవిరి వస్తుంటే బిగింపు వదులైనా అయ్యుండాలి, రబ్బరు రింగు గట్టిపడిపోయైనా ఉండాలి. ఆ రింగు అరిగే సామాను, విడిగా దొరుకుతుంది. ఇంకో మాట, మన గ్యాస్ స్టవ్వుల కాళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ, చిన్న పాట్ వాటిమీద నిలవదు. దానికోసం అమ్మే చిన్న ఇనుప స్టాండ్ కూడా కొనాలి. అల్యూమినియం పాట్ ఇండక్షన్ మీద పనిచెయ్యదు.

పాలు లేకుండా తాగేవాళ్ళకి నేను చెప్పేది డ్రిప్పర్. పేపర్ ఫిల్టర్‌ని 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ కనిపెట్టింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది గరాటు ఆకారపు వీ60. పొడి 15 గ్రాములు, నీళ్ళు 250. కప్పు, డ్రిప్పర్ రెండూ త్రాసు మీద పెట్టి పోస్తుంటే కొలగిన్నె అక్కర్లేదు, ఒక గ్రాము నీళ్ళంటే ఒక మి.లీ. ముందు కాగితం పెట్టి వేడి నీళ్ళతో ఒకసారి తడిపి ఆ నీళ్ళు పారబొయ్యండి. కాగితం వాసన పోతుంది, డ్రిప్పర్ వేడెక్కుతుంది. పొడి వేసి సమం చేసి, త్రాసు సున్నా చెయ్యండి. నీళ్ళు తెర్లాక అరనిమిషం ఆగితే 95 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తాయి. మొదట 45 గ్రాములు పొడి అంతా తడిసేలా పోసి 40 సెకన్లు ఆగండి. తర్వాత మధ్య నుంచి బయటికి గుండ్రంగా తిప్పుతూ 150 దాకా, అది కొంచెం కిందికి జారాక 250 దాకా. మొత్తం రెండున్నర, మూడు నిమిషాల మధ్య దిగిపోవాలి. రెండు నిమిషాల లోపే దిగి పుల్లగా, పలచగా ఉంటే పొడి ఇంకొంచెం మెత్తగా ఆడండి. నాలుగు నిమిషాలు పట్టి నాలుక మీద వగరు నిలిస్తే ఇంకొంచెం గరుకు చెయ్యండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మెత్తదనం, కొలత, నీళ్ళ వేడి మూడూ ఒకేసారి కదిపితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. పోసే ధార సన్నగా ఉండాలి. దానికోసం సన్నమెడ కెటిల్ వెంటనే కొనక్కర్లేదు, ఇంట్లో కొమ్ముచెంబు ఉంటే అది చాలు. ముందు ఆ చెంబుని వేడి నీళ్ళతో కడిగి వేడెక్కించండి, లేకపోతే అది నాలుగైదు డిగ్రీలు లాగేస్తుంది.

కాగితం చేసే ఇంకో పని ఉంది. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ప్రెస్‌లోనూ, పొడిని నీళ్ళలో మరగబెట్టి వడకట్టే పాత పద్ధతిలోనూ అది కప్పులోకి వచ్చేస్తుంది. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించమన్నవాళ్ళు రోజూ మూడు నాలుగు కప్పులు తాగేటట్టయితే కాగితం వైపు వెళ్ళడం మంచిది.

ఫ్రెంచ్ ప్రెస్ అన్నిటికన్నా తేలిక. 30 గ్రాముల గరుకు పొడి, 450 మి.లీ. నీళ్ళు, నాలుగు నిమిషాలు. గాజుపాత్రని ముందు వేడి నీళ్ళతో తొలవండి. నాలుగు నిమిషాలయ్యాక పైన తేలిన పొరని చెంచాతో కదిపి, తెల్లటి నురగ తీసేసి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. పొడి అడుగుకి దిగుతుంది. జల్లెడని అడుగుదాకా నొక్కకుండా నీళ్ళ మట్టం దగ్గరే ఆపి, మెల్లగా వంపుకోండి. బురద దాదాపు రాదు. మిగిలినదాన్ని పాత్రలోనే ఉంచకండి, పొడితో ఉన్నంతసేపూ చేదు దిగుతూనే ఉంటుంది. ఫిల్టర్ పొడి దీంట్లో వేస్తే జల్లెడ కిందికి కదలదు, బలవంతంగా నొక్కితే వేడి కాఫీ చిమ్మి చెయ్యి కాలుతుంది, గాజు పగిలినా పగలొచ్చు.

ఏరోప్రెస్‌ని 2005లో అలన్ ఆడ్లర్ తెచ్చాడు. 15 గ్రాములు, 200 మి.లీ., రెండు నిమిషాలు నాననిచ్చి అరనిమిషంలో మెల్లగా నొక్కడం. పగలదు, కడగడం క్షణాల పని, హాస్టల్లో ఉండేవాళ్ళకి, తరచూ ప్రయాణాలు చేసేవాళ్ళకి ఇంతకన్నా మంచిది లేదు. ఇంటికి డ్రిప్పర్ ఉంటే ఇది అవసరం లేదు.

వేసవికి కోల్డ్ బ్రూ. 80 గ్రాముల గరుకు పొడి, 640 మి.లీ. చల్లటి మంచినీళ్ళు, గాజు సీసాలో కలిపి ఫ్రిజ్‌లో 16 గంటలు. 40 డిగ్రీల ఎండలు కాసే ఊళ్ళలో బయట పెట్టి నానబెట్టకండి. పలచటి నూలు గుడ్డలో వడకట్టి, గుడ్డని పిండకుండా వదిలేస్తే దాదాపు అరలీటరు చిక్కటి కాఫీ వస్తుంది. తాగేటప్పుడు దానికి సమానంగా నీళ్ళో, పాలో, ఐసో కలపాలి. నాలుగైదు రోజులు నిలవ ఉంటుంది. వేడి తగలదు కాబట్టి పులుపు తక్కువ, వాసన కూడా తక్కువే. అందుకే మంచి అరబికాని దీనికి వెచ్చించడం నాకు నచ్చదు, మామూలు రకం చాలు.

మీ అరకు పొడి విషయం. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పెరిగే పంట అది. మంచిది దొరికితే పాలు లేకుండా తాగదగినది. అయితే అక్కడి దుకాణాల్లో చికోరీ కలిపినదీ అమ్ముతారు, కలపనిదీ అమ్ముతారు, ముందు ప్యాకెట్ వెనక చదవండి. చికోరీ ఉంటే తిన్నగా స్టీలు ఫిల్టర్‌కే. లేకపోతే వేళ్ళతో నలిపి చూడండి: ఉప్పు కన్నా గరుకుగా ఉంటే డ్రిప్పర్‌కి, మెత్తగా ఉంటే అదీ ఫిల్టర్‌కే. మెత్తటి అరబికా పొడి ఒక్కటే ఫిల్టర్‌లో వేస్తే డికాషన్ కొంచెం ఎర్రగా, త్వరగా దిగుతుంది. అది లోపం కాదు, చికోరీ లేకపోవడం. 30కి బదులు 35 గ్రాములు వేసి, నీళ్ళు 150 దగ్గరే ఉంచండి.

కాబట్టి కొనాల్సిన వరస: మొదట ఒక గ్రాము దాకా చూపే త్రాసు. వారం రోజులు పైన చెప్పిన కొలతలతో పాత ఫిల్టర్‌లోనే వెయ్యండి. పాలతో తాగేవారికి ఇంకేమీ కొనక్కర్లేదు. పాలు మానేసినవారికి ప్లాస్టిక్ వీ60 డ్రిప్పరు, వంద కాగితాలు. పింగాణీది అందంగా ఉంటుంది గానీ వేడి లాగేస్తుంది, ప్లాస్టిక్‌దే నయం. వారం తర్వాత కూడా డికాషన్ మారుతూనే ఉంటే, వేసిన పొడి, పోసిన నీళ్ళు, దిగడానికి పట్టిన నిమిషాలు, దిగిన మి.లీ. నాలుగూ రాసి పెట్టండి. వాటిని బట్టి తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు.